మూడు తుపాకులలో రెండు

ఇంట్లో మూడు తుపాకులుండేవని చెబితే కొత్తవారు మమ్మల్ని ఏ పాలెగాళ్ళ బిడ్డలమో అనుకుంటారు. అటువంటి గొప్ప మాకేమీ లేదు. హోసూరునుంచి డెంకణికోట పోయే దారికి పక్కగా, అడవి అంచున, పదునాలుగెకరాల మెట్టచేను గల రైతుబిడ్డలం. ముగ్గురన్నదమ్ములం. ముత్తాతలనాటినుంచీ అక్కడే ఉన్నాము. ఆ నేల మాత్రం 1965లో సేలం జిల్లానుంచి ధర్మపురి జిల్లాకు, 2004లో ధర్మపురినుంచి కృష్ణగిరి జిల్లాకు మారింది. జిల్లాలు మారినా మేము మారలేదు. మా యింటి తెలుగూ మారలేదు. రాగిచేను పాలుపట్టగానే వచ్చే అడవిపందులూ మారలేదు.

2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక లైసెన్సుదారు మూడు తుపాకులదాకా ఉంచుకోవచ్చును. ఇకమీదట రెండే. తాతముత్తాతలనుంచి వచ్చినవైనా సరే, మూడోది ఏడాదిలోగా ఠాణాలోనో, లైసెన్సుగల వ్యాపారివద్దనో అప్పగించాలి. లైసెన్సు మాలో పెద్దవాడి పేరున ఉన్నది. మూడింటిలో ఏది వదలుకోవాలన్న ప్రశ్న ఆ విధంగా మా పంచలోకి వచ్చి కూర్చున్నది.

ఇది చిన్న సంగతే. అయినా దానిమీద మాకు పది నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబితే, తుపాకి జోలి లేని యిళ్ళవారికి కూడా ఎక్కడో ఒకచోట పనికిరావచ్చునని వ్రాస్తున్నాము.

మొదటిది తాతగారి కేపు తుపాకి. దాన్ని మూతివైపునుంచి దట్టించాలి. ముందు నల్లమందు, దానిమీద కొబ్బరిపీచు, ఆపైన గుండ్లు, మళ్ళీ పీచు, ఇవన్నీ పొడవాటి కడ్డీతో కూరాలి. వెనుక కేపు పెట్టి మీట నొక్కితే ఒక్కసారి పేలుతుంది. రెండోసారి పేలాలంటే ఈ తతంగమంతా మళ్ళీ జరగాలి. అంతలో పంది రెండు చేలు దాటిపోతుంది. మంచు పడ్డ రాత్రి మందు చెమ్మగిల్లితే అసలు పేలనే పేలదు. పంట కావలికని తాతగారు దీన్ని సంపాదించారు.

రెండోది నాయన 1953లో కొన్న రెండు గొట్టాల పన్నెండు బోరు. ఈ పన్నెండు అన్న లెక్క ఎక్కడిదని చిన్నప్పుడు అడిగితే నాయన విడమరచి చెప్పారు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు పోస్తే ఒక పౌను తూగుతవట. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. తూటాలో సన్నగుండ్లుంటే కముజుపిట్టలకు, కుందేళ్ళకు. వేళ్ళమీద లెక్కపెట్టదగిన పెద్దగుండ్లుంటే పందికి. ఏదైనా నలభై గజాలలోపే దాని ప్రతాపం. సన్నగుండ్లయితే రెండుమూడు వందల గజాలలో శక్తి చచ్చి నేల రాలుతాయి.

మూడోది 315 బోరు రైఫిలు. 303 పట్టాళపు బోరు కనుక మామూలు జనానికి నిషిద్ధం. అందుకని మన దేశంలో ఈ 315 చలామణి అయింది. 1964లో బెంగుళూరునుంచి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర అమ్మజూపితే నాయన కొన్నారు. రైఫిలు గొట్టంలో మరచుట్టువంటి గాడులుంటాయి. గుండు వాటివెంట గిరగిర తిరుగుతూ వెలువడుతుంది కనుక తిన్నగా, దూరంగా పోతుంది.

నాయనకు ఆ రైఫిలు ఎందుకు కావలసివచ్చింది? నిజం చెప్పాలంటే అవసరం లేదు. ఆ రోజులలో మావైపు కెన్నెత్ ఆండర్సన్‌ పేరు చెప్పుకోని రచ్చబండ లేదు. బెంగుళూరులో కాపురముంటూ, మా జవళగిరి, డెంకణికోట అడవులలో తిరిగి, మనిషిని తినే పులులను వేటాడి పుస్తకాలు వ్రాసినవాడు. ఆయన చేతిలోది 405 వించెస్టరు రైఫిలు. పులివేటకు అది తగినదే. మా చేనికి పులి రాలేదు, పందులు వచ్చాయి. అయినా ఊళ్ళో ఒక రైతు భుజాన రైఫిలు వేసుకుని నడిస్తే ఆ నడకే వేరు. మా అమ్మ మాత్రం, “ఆవును కొనవలసిన డబ్బుతో ఏనుగు దంతం కొన్నారు” అన్నది. నాయన నవ్వి ఊరుకున్నారు.

1967 కార్తీకమాసం. రాగిచేను కోతకు సిద్ధంగా ఉంది. మాలో పెద్దవాడికి పంతొమ్మిదేళ్ళు, నడిమివాడికి పదహారు, చిన్నవాడికి పన్నెండు. వెన్నెల పిండి ఆరబోసినట్లున్నది. పందుల మంద చేలో దిగింది. నాయన పక్కనుండగా పెద్దవాడు రైఫిలు ఎత్తి, గట్టుమీద మోకాలు వేసి కాల్చాడు. పంది పడలేదు. మంద చెదిరి అడవిలోకి పోయింది. మాకు చప్పుడు మిగిలింది, పెద్దవాడికి భుజం నొప్పి మిగిలింది. తప్పిపోయిందని నవ్వుకుని పడుకున్నాము.

తెల్లవారి పంది అడుగులు వెదుకుతూ పోయిన చిన్నవాడు పరుగెత్తుకుని వచ్చాడు. మా చేనికి అయిదారు వందల గజాల దూరాన పక్కచేని మామ మంచె ఉన్నది. ఆ మంచెకు నాలుగు వేపగుంజలు. మావైపు గుంజలో, పలకకు జానెడు కింద, చిటికెన వేలు పట్టేటంత బొక్క. ఆ పలకమీద ఆ రాత్రి పడుకున్నది మామ కొడుకు. మా చిన్నవాడి యీడువాడే, బడిలో ఒకే బల్లమీద కూర్చునేవారు.

పంది గట్టుమీదా లేదు, గుట్టకు ముందూ లేదు. పంది వెనుక చేను, చేను వెనుక మంచె, మంచెమీద పిల్లవాడు. వెన్నెలలో మాకు పంది ఒక్కటే కనబడింది.

ఆ బొక్క సంగతి మామకు తెలియదు. మేము చెప్పకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు. నాయన ముఖం కడుక్కుని, పంచె మార్చుకుని, ముగ్గురినీ వెంటబెట్టుకుని మామ యింటికి పోయారు. వాకిట నిలబడి జరిగింది జరిగినట్లు చెప్పారు. మామ ఏమీ మాట్లాడలేదు. లోపలికి పోయి కొడుకును పిలిచి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాలాసేపటికి, “బావా, నీవు వచ్చి చెప్పకపోయి, నేనే ఆ గుంజ చూసి ఉంటే ఏమయ్యేదో” అన్నాడు. అంతే. అత్త మాత్రం ఆ ఏడు మా యింటి గడప తొక్కలేదు. ఉగాదికి మా అమ్మ పోయి కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి పిలుచుకువచ్చింది.

ఆ తరువాత నాయన రైఫిలు బయటికి తీయలేదు. నూనె పెట్టేవారు, తుడిచేవారు, లైసెన్సు తిరగరాయించేవారు. చేనికి మాత్రం తీసుకుపోలేదు. అప్పటినుంచి మాకు నేర్పిన పాఠం ఒకటే. తుపాకి కొనేవాడు అంగడిలో తుపాకిని చూడరాదు, ముందు తన చేనిని చూడాలి. ఎంత దూరాన కాల్చవలసి వస్తుంది? దాని వెనుక ఏముంది, మట్టిగట్టా, మనిషా? ఎవరి భుజం దాన్ని మోయాలి? దాని తూటాలు దొరుకుతాయా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పుకున్న తరువాతనే అంగడికి పోవాలి. మా చేనిలో పంది కనబడేది ముప్ఫై గజాలలో, చుట్టూ నేల పళ్ళెంలా చదును, నాలుగువైపులా మంచెలు. మైలు దూరం పోయే గుండుతో అటువంటి చోట ఏమి పని? రైఫిళ్ళలో పసివాడివంటి 22 బోరు తూటాల పెట్టెమీద కూడా మైలుదాకా ప్రమాదమని అచ్చువేస్తారు.

భుజం సంగతీ తక్కువది కాదు. మోచేయి మడిచి, కుందా చివరను ఆ మడతలో ఆనిస్తే, చూపుడువేలు మొదటి కణుపు మీటకు అందాలి. అందకపోతే ఆ తుపాకి ఆ మనిషిది కాదు. నాయన పొడగరి. ఆయన కొలతకు కొన్న పన్నెండు బోరు మాలో నడిమివాడికి ఎన్నడూ కుదరలేదు. వెనక్కి తన్నినప్పుడల్లా దవడ వాచేది. గుండ్లు సరైన చోటికి పోయినదీ లేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. సరదా వేట ముగిసింది. ఇప్పుడు పంట తినే పందినైనా అటవీశాఖ అనుమతి లేనిదే కాల్చరాదు. అది న్యాయమేనా అని మా పంచలో తగవులు జరిగాయి, ఇంకా జరుగుతాయి. నష్టపడేది రైతు కదా అని మేమూ విసుక్కున్నవాళ్ళమే. అయితే మావైపు ఏనుగుల రాక ఎక్కువైన తరువాత తుపాకి మాట తనంతట తానే వెనుకబడ్డది. రాగి పండే కాలానికి బన్నేరుఘట్ట వైపునుంచి మందలు దిగుతాయి. 1980లలో మా అడవులనుంచే కొన్ని ఏనుగులు చిత్తూరు జిల్లాలోకి పోయి అక్కడే నిలిచిపోయాయి. ఏనుగు ముందు తుపాకి పట్టుకుని నిలబడేవాడు తెలివిగలవాడు కాడు. అక్కడ పనికివచ్చేవి దూరం, వెలుగు, నలుగురు మనుషులు.

2020లో లెక్కకు కూర్చున్నప్పుడు ఇంట్లో కుర్రవాళ్ళందరిదీ ఒకే మాట. “కేపు తుపాకి పాత ఇనుము. దాన్ని ఇచ్చేద్దాం. రైఫిలు ఉండనీయండి, వంశానికి గౌరవం.” బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న పెద్దవాడి మనుమడు దానికి దుర్భిణి కూడా బిగించవచ్చునన్నాడు.

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆ యింట్లో నిజంగా పనిచేసిన తుపాకి ఏది? నాయన సంతలకు పోయిన రాత్రులలో మా అమ్మ మంచె కింద నిలబడి పేల్చింది ఆ కేపు తుపాకినే. గుండ్లు వేసేది కాదు. చారెడు మందు, గట్టిగా పీచు, అంతే. ఆ చప్పుడుకు పందులు గుట్ట దాటేవి. ఒక్క ప్రాణికి గాయం కాలేదు. నలభై ఏళ్ళలో మా రాగులను ఇల్లు చేర్చినవాటిలో మొదటిది అమ్మ గొంతు, రెండోది ఆ తుపాకి. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకులను ఠాణాలో పెట్టి రావాలి గదా. అటువంటి ఏళ్ళలో డప్పుతో, బ్యాటరీ దీపంతో కాపు కాశాము. పంట ఏమంత తక్కువ రాలేదు.

ఇవన్నీ మనుమడికి చెప్పాము. విన్నాడు, నమ్మలేదు. వాడి వయసులో మేమూ నమ్మేవాళ్ళం కాము. అప్పుడు పెద్దవాడు లేచి, కర్ర పట్టుకుని, వాణ్ణి మామ యింటికి తీసుకుపోయాడు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆనాడు మంచెమీద పడుకున్న పిల్లవాడు ఇప్పుడు నలుగురు మనుమల తాత. పాత మంచె విప్పినప్పుడు ఆ వేపగుంజను పారవేయక పశువుల కొట్టానికి నాటుకున్నాడు. గుంజ నల్లబడింది, బొక్క అట్లాగే ఉన్నది.

“దానిలో వేలు పెట్టి చూడు నాయనా,” అన్నాడు ఆయన మా మనుమడితో, పాలు పితుకుతూనే. “పెట్టి, నా ఎత్తు ఎంతో చూసుకో.”

మనుమడు వేలు పెట్టి చూశాడు. ఇంటికి వచ్చి దుర్భిణి మాట ఎత్తలేదు.

మరుసటి వారం రైఫిలును గోనెగుడ్డలో చుట్టి ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాము. తిరిగివచ్చేటప్పుడు పెద్దవాడు దారిపొడుగునా మాట్లాడలేదు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, “యాభైమూడేళ్ళు మోశాను రా,” అని ఒక్కమాట అన్నాడు. తుపాకి బరువు సంగతి కాదని మాకిద్దరికీ తెలుసు.

పన్నెండు బోరు బీరువాలో ఉన్నది. కేపు తుపాకి మాత్రం నూనె పట్టించుకుని, రాగులు పాలుపట్టే కాలానికి ఎదురుచూస్తున్నది. మందు చెమ్మగిల్లితే ఏమి చేస్తారని అడుగుతారేమో. మా కోడళ్ళ గొంతులు అమ్మ గొంతుకు తీసిపోవు.