65వ నంబరు రోడ్డు మీద ఒక రాత్రి, ఒక చలాన్

సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు. పాత లెక్కలో ఇది 9వ నంబరు. మన పెద్ద డ్రైవర్లు ఇప్పటికీ ‘నైన్ నంబర్ రోడ్డు’ అనే అంటారు. మహారాష్ట్రలో బయలుదేరి, నడుమ కర్ణాటకలోని బీదర్ జిల్లాను దాటి, జహీరాబాద్ దగ్గర తెలంగాణలోకి వస్తుంది. మరాఠీలో చాయ్ అడిగి, కన్నడంలో డీజిల్ పోయించుకొని, తెలుగులో టిఫిన్ చెప్పుకునే దారి ఇది.

మన తాతలు ఆ దిక్కు నుంచే ఈ ఊరికి నూలు పనికి వచ్చారు. 1877లో మొదలైన జూనీ మిల్లు పేరు వినని ఇల్లు పూర్వభాగంలో ఉండదు. మిల్లులు మూతపడ్డాక కొందరు పవర్‌లూమ్‌ల మీదకు పోయారు, కొందరు స్టీరింగ్ పట్టారు. ఇప్పుడు మన చేతుల్లో తయారైన చాదర్లు, టవల్లు మళ్లీ అదే దారిన వెనక్కి పోతున్నాయి. ఆ లారీల్లో ఒకదాంట్లో కూర్చొని పోయిన రాత్రి గురించి ఈ నాలుగు మాటలు. మన ఇండ్లల్లో డ్రైవర్లు, క్లీనర్లు, ఒక్క బండి ఉన్న చిన్న ఓనర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో లోడింగ్ అయ్యేసరికి రాత్రి ఎనిమిదయింది. పది టైర్ల బండి. టవల్ బేళ్లు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. కాబట్టి మన మాలుకు తూకం భయం అంతగా ఉండదు. కానీ పైన కప్పే తాడ్‌పత్రి, దాని తాళ్లు వెనక్కి జారి ఎర్ర లైట్లను, రిఫ్లెక్టర్లను మూసేస్తాయి. ఈ సంగతి లోడింగ్ హమాలీకి పట్టదు, డ్రైవర్ చూసుకోవాలి.

మా డ్రైవరన్న ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఒక ఇనుప రాడ్డు పట్టుకొని బండి చుట్టూ తిరిగాడు. ఒక్కో టైరు మీద కొట్టి చప్పుడు విన్నాడు. గాలి నిండుగా ఉంటే ఒక మోత, తగ్గితే మరో మోత. వెనక ఎడమ పక్క లోపలి టైరు దగ్గర వంగి టార్చ్ వేసి, “ఇది పనైపోయింది తమ్మీ. సేట్‌కు రెండు ట్రిప్పుల సంది చెప్తున్న, వచ్చే ట్రిప్పుకు చూద్దాం అంటడు” అన్నాడు. చిన్న నోట్‌బుక్ తీసి తారీఖు, టైరు సంగతి రాసుకున్నాడు. వెనక ఎడమ లైటు మినుకుమినుకుమంటే వైరు కదిపి వెలిగించాడు.

ఊరు దాటిన తర్వాత 45 కిలోమీటర్లకు నల్‌దుర్గ్. బోరీ నది పక్కన పెద్ద కోట, నీళ్ల కట్టలోపలే కట్టిన పానీ మహల్. పగలు చూడదగ్గ చోటు. రాత్రి డ్రైవర్లకు అది చాయ్ తాగే చోటు మాత్రమే. చలికాలమంతా ఈ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు ఉంటాయి. రెండేసి ట్రాలీలు, వెనక లైటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. చీకట్లో చెరకు గడలు మన అద్దానికి ఎదురొచ్చేదాకా కనబడవు. చాయ్ తాగుతూ అన్న అన్నాడు: “వాని లైటు లేకుంటే మనం తిడతం. మన లైటు పోతే వెనకొచ్చే మోటర్‌సైకిల్ వాడు ఎవర్ని తిట్టాలె? తిట్టడానికి ఉంటడో లేడో.” సెకండ్ షిఫ్టు ముగించుకొని రాత్రిపూట ఇంటికొచ్చే మనవాళ్లు తిరిగేది కూడా ఇలాంటి రోడ్ల మీదే.

ఉమర్గా, హుమ్నాబాద్ దాటి జహీరాబాద్ వచ్చేసరికి తెల్లవారుతోంది. ఊరు దాటాక రోడ్డు పక్కన రవాణా శాఖ జీపు, ఇద్దరు సిబ్బంది. చెయ్యి ఎత్తారు. అన్న బండిని పూర్తిగా ఎడమకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి దిగాడు.

“ఎం.హెచ్. 13... సోలాపూరా? తెలుగు మంచిగనే మాట్లాడుతున్నవ్.”

“మా తాతలది సిరిసిల్ల దిక్కు సార్.”

కాగితాలన్నీ ఫోన్‌లో చూపించాడు. ఆర్.సి., ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్, తన లైసెన్స్. డిజీలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ ఉన్న కాగితం చెల్లుతుందని 2018లోనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. తర్వాత ఆయన బండి చుట్టూ తిరిగాడు. వెనక ఎడమ లైటు మళ్లీ ఆరిపోయి ఉంది. తాడ్‌పత్రి అంచు రిఫ్లెక్టర్ మీదకు జారింది. లోపలి టైరు దగ్గర ఆగి వేలు పెట్టి చూపించాడు.

టైరు గాడుల అడుగున చిన్న చిన్న గట్లు ఉంటాయి. పైన రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే టైరు మార్చాల్సిందే. లారీలకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. మా టైరు ఆ గట్టు దాటి అరిగింది.

అన్న వాదించలేదు. “అందరి బండ్లు ఇట్లనే ఉన్నయ్” అనలేదు. డబ్బు మడిచి చేతిలో పెట్టే ప్రయత్నం చేయలేదు. “ఏమేమి రాస్తున్నరో ఒకసారి చెప్పండి సార్” అని అడిగాడు. బండి నంబరు, చోటు, టైము, ఏ లోపం, ఏ సెక్షన్ అన్నీ చదివి చూసుకున్నాడు. ఫొటో తీశాడు. తర్వాత టూల్ పెట్టెలోంచి బల్బు తీసి అక్కడే మార్చాడు, తాడ్‌పత్రి పైకి లాగి కట్టాడు. స్టెప్నీ దించి, జాకీ పెట్టి, అరిగిన టైరు ఊడదీసేసరికి ముప్పావుగంట పట్టింది. పని అయ్యాక అధికారిని పిలిచి చూపించాడు. రాసిన చలాన్ రద్దు కాలేదు, అలా కాదు కూడా. కానీ బండి రోడ్డెక్కింది. ఆ కాలిన బల్బు, అరిగిన టైరు, కొత్తగా బిగించిన టైరు మూడు ఫొటోలూ చలాన్ ఫొటోతో పాటు సేట్‌కు పోయాయి.

ఇక్కడ చట్టం ఏమంటుందో మన డ్రైవర్లు, వాళ్ల ఇంటివాళ్లు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ లోపమున్న బండి గురించి చెబుతుంది. లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై ఉండి గానీ బండి నడిపితే 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి మనిషికి దెబ్బ తగిలినా, ఆస్తి నష్టమైనా మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 జరిమానా గానీ, రెండూ గానీ. చోటు మీదనే కట్టి తేల్చుకునే మొత్తాన్ని రాష్ట్రాలు నిర్ణయిస్తాయి కాబట్టి మూడు రాష్ట్రాల్లో మూడు లెక్కలు ఉండొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఆ సెక్షన్ నడిపినవాణ్ని ఒక్కణ్నే అనదు. నడిపించినవాణ్ని, నడపనిచ్చినవాణ్ని కూడా కలుపుతుంది. అంటే “వచ్చే ట్రిప్పుకు చూద్దాం” అన్న సేట్ కూడా అందులో ఉన్నాడు. అన్న రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ ఒక్క లైను విలువ అక్కడ తెలుస్తుంది. చెప్పాను అనే మాటకు తారీఖు ఉండాలి. నోట్‌బుక్ కన్నా వాట్సాప్ ఇంకా మంచిది, అవతలివాడు చదివినట్టు కూడా కనబడుతుంది.

ఫిట్‌నెస్ సంగతి ఇంకా గట్టిది. బల్బు పోతే అది బల్బు తప్పు. ఫిట్‌నెస్ తారీఖు దాటితే 56వ సెక్షన్ ప్రకారం ఆ బండికి రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క. అప్పుడు బండిని పట్టి నిలబెట్టే అధికారం కూడా వాళ్లకుంటుంది. మాలు రోడ్డు మీద, డ్రైవర్ బండి కింద. కొత్త లారీకి మొదట రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఇంట్లో క్యాలెండర్ మీద గ్యాస్ బండ తారీఖు రాసినట్టు ఈ తారీఖూ రాసిపెట్టుకోవచ్చు.

చలాన్ వచ్చాక చేయవలసినవి మూడే. మొదటిది, లోపం బాగుచేయడం, అదీ చక్రం మళ్లీ తిరగకముందే. రెండోది, బాగుచేసిన బిల్లు, ఫొటో దాచడం. మూడోది, చలాన్‌ను పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి చూసి కట్టడం, లేదా తప్పుగా రాశారనుకుంటే కోర్టులో చెప్పుకోవడం. ఊరికే వదిలేస్తే మాత్రం అది పోదు, ఫిట్‌నెస్ రెన్యువల్ నాడు ఎదురొచ్చి నిలబడుతుంది. రసీదు లేకుండా ఇచ్చే డబ్బు గురించి ఒక్క మాట: ఆ డబ్బు పోతుంది, బల్బు వెలగదు, తర్వాతి తనిఖీలో మళ్లీ అదే పాట.

ఇక ఎవరు కట్టాలి? మన దగ్గర చాలాచోట్ల చలాన్ డ్రైవర్ భత్తాలోంచి కోస్తారు. ఆ సంగతి ఇంట్లో చెప్పక, కిరాణా డబ్బులో సర్దుకునే వాళ్లూ ఉన్నారు. స్పీడు, సీటు బెల్టు, తాడ్‌పత్రి, ఇవి డ్రైవర్ చేతిలోవి. టైరు, బ్రేకు లైనింగు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఇవి డబ్బు పెట్టేవాడి చేతిలోవి. పనిలో చేరే రోజే ఈ లెక్క మాట్లాడుకోవాలి. మిల్లులో సాంచా పాడైతే కార్మికుడి కూలి కొయ్యకూడదని కొట్లాడిన ఇండ్లు మనవి. లారీ టైరుకు వేరే న్యాయం ఎందుకుండాలి?

పగలు పెద్ద బండ్లను హైదరాబాద్ లోపలికి రానివ్వరు. అందుకని పటాన్‌చెరు దగ్గర చెట్టు కింద బండి పెట్టి సాయంత్రం దాకా ఆగాం. మధ్యాహ్నం సేట్ ఫోన్ వచ్చింది. మొదట గట్టిగానే అరిచాడు. అన్న నోట్‌బుక్ తెరిచి రెండు తారీఖులు చదివి వినిపించాడు. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత, “సరే, టైరు అక్కడనే కొను, బిల్లు పంపు, చలాన్ నేను కడత” అన్నాడు.

అన్న ఫోన్ పెట్టేసి టైర్ల దుకాణం ఎటు ఉందో అడగడానికి పోయాడు.