ఒక్కపొద్దు నాడు హోటల్లో భోజనం

పుష్య మాసం ఏకాదశికి పండరిపురం పోయివచ్చాం. మా ఆవిడ మొక్కు అది. "బిడ్డ ఒళ్ళు పట్టితే తీసుకొచ్చి నీ పాదాల మీద పెడతా విఠోబా" అని రెండేళ్ళ కింద మొక్కుకుంది. షోలాపూర్ నుంచి పండరిపురం ఎంత దూరమని! మన వాళ్ళు నడిచి కూడా పోతారు. కానీ మాకు రెండేళ్ళుగా ఊరు దాటడమంటేనే భయం. ఎందుకంటే ఊరు దాటితే హోటల్లో తినాలి.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడో ఏట దాని బరువు పదిహేడు కిలోలు. తిన్నది ఒంటికి పట్టదు, రోజూ విరేచనాలు, పొట్ట మాత్రం ఉబ్బి ఉంటుంది. పురుగుల మందు పోశాం, దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం. చివరికి పెద్ద డాక్టరు రక్తపరీక్ష చేయించి, గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసి, సీలియాక్ అన్నాడు. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందట. అది కడుపులో పడినప్పుడల్లా పిల్ల ఒళ్ళే పిల్ల పేగును పాడు చేసుకుంటుంది. మందు లేదు. జన్మంతా గోధుమ ముట్టకపోవడమే మందు.

"అంతేనా?" అనుకున్నాను. మా తాత తెలంగాణ నుంచి మగ్గం వదిలి వచ్చి జునీ మిల్లులో చేరినవాడు. 1877లో పెట్టిన మిల్లు అది, షోలాపూర్లో మొదటిది. ఆయన డబ్బాలో ఏనాడూ చపాతీ లేదు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పల్లీల చట్నీ. చపాతీ పండుగకో, చుట్టం వస్తేనో. నేను పవర్‌లూమ్‌లో చేరి నాలుగు రూపాయలు చూసినాక ఇంట్లో రోజూ చపాతీలు మొదలైనాయి. జొన్నరొట్టె గరీబు తిండి అని పిల్లలకు మేమే నేర్పాం. ఇప్పుడు మళ్ళీ రొట్టెకు పోతే సరిపోతుంది కదా అనుకున్నాను. సరిపోలేదు. ఎందుకో ఈ ప్రయాణంలో బాగా తెలిసింది.

మంగళవేఢా మీదుగా పోదామని పొద్దున్నే ఎస్టీ బస్సెక్కాం. ఏకాదశి కనుక మా ఇద్దరికీ, పెద్దోడికీ ఒక్కపొద్దు. చిన్నదానికి లేదు. సంచిలో కడక్ భాకరీ, పల్లీల చట్నీ పెట్టుకున్నాం. అయినా బస్సు ఆగిన చోట హోటల్లో ఇడ్లీ ఆవిరి వాసన వచ్చేసరికి పిల్ల నా మొహం చూసింది.

పోయి అడిగాను. గ్లూటెన్ అనే మాట ఎక్కడా పనికిరాదని నాకు తెలుసు. "దాదా, ఇడ్లీలో రవ్వ ఏది? బియ్యపు రవ్వా, బొంబాయి రవ్వా?" అన్నాను. "బియ్యం, మినపపప్పు, అంతే" అన్నాడు. మంచిది. "సాంబారులో ఇంగువ?" "వెయ్యకుండా సాంబారెట్లా?" "ఆ డబ్బా ఒకసారి చూపిస్తావా?" నవ్వాడు గానీ తెచ్చాడు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. బజారులో దొరికే ఇంగువ చాలావరకు ఉత్త ఇంగువ కాదు, పిండి కలిపి దంచింది. కొందరు బియ్యప్పిండి కలుపుతారు, ఎక్కువ మంది గోధుమ పిండో మైదానో. చిటికెడే కదా అనొచ్చు. మా పిల్లకు చిటికెడూ ఎక్కువే. పొట్లం మీద గ్లూటెన్ లేదని రాయాలంటే మన దేశంలో చట్టం పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. కిలోకు ఉప్పు రేణువులంత!

సాంబారు లేకుండా, ఉత్త ఇడ్లీ మీద మా సంచిలోని చట్నీ వేసుకుని తిన్నది. రెండు ఇడ్లీలు. పక్క బల్ల మీద ఒకామె "పిల్లకు సాంబారు కూడా పోయించరా?" అన్నది. ఇట్లాంటి మాటలు రెండేళ్ళుగా వింటూనే ఉన్నాం. పెళ్ళిళ్ళలో అయితే "ఒక్క పూరీ తింటే ఏమైతది" అని విస్తట్లో వేసేస్తారు. అట్లా ఒకసారి తిని నాలుగు రోజులు బడి మానింది.

మంగళవేఢా చేరేసరికి ఎండెక్కింది. అటూ ఇటూ నల్లరేగడి, కంకులు పాలు పోసుకున్న జొన్నచేలు. వానాకాలం తడి భూమిలో ఉండగానే విత్తుతారు, ఆ తడితోనే పంట చేతికొస్తుంది. ఈ ఊరి జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన షోలాపూర్ చద్దర్‌కు ఉన్నట్టే. దామాజీపంతు ఊరిది. కరువులో సుల్తాను ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పంచాడనీ, శిక్ష పడబోతే విఠోబాయే మారువేషంలో వెళ్ళి ఆ సొమ్ము కట్టాడనీ కథ. దామాజీ గుడిలో దండం పెట్టుకుని బయటికి వస్తే, ఎదురుగా సందులో ఖానావళి. ఒక ముసలామె కట్టెల పొయ్యి ముందు కూర్చుని చేత్తో భాకరీ తడుతోంది.

ఆ చప్పుడు మా నానమ్మ చప్పుడే. పిల్ల అక్కడే నిలబడిపోయింది. "నాన్నా, జొన్నదే కదా, తింటనే" అన్నది. జొన్నల ఊళ్ళో, దామాజీ గుడి ముందు, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె. ఇక్కడ కూడా అడగాలా అనిపించింది. సరే అని నోటిదాకా వచ్చింది. మా ఆవిడే ముందుకుపోయి, "ఆయీ, ఈ పిల్లకు గోధుమ పడదు, పడితే జబ్బు చేస్తుంది" అని చెప్పింది.

ముసలామె చెయ్యి ఆపింది. "అట్లయితే ఇది పెట్టొద్దు బిడ్డా" అన్నది. "గిరాకీలు మెత్తగా కావాలంటారు. పిడికెడు గోధుమ పిండి కలుపుతాను. కలపకపోయినా గిర్నీలో గోధుమలు పట్టిన వెంటనే జొన్నలు పోస్తాడు, ముందరి పిండి ఇందులోకి వస్తుంది." మనసులో ఆమెకు దండం పెట్టాను. డబ్బులు పోతాయని దాచలేదు. పిల్ల ఏడవలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. సంచిలోంచి కడక్ భాకరీ తీసి, ఆమె పక్కనే కూర్చుని తిన్నది. ఆమె గిన్నెడు పెరుగు పోసింది. పైసలు తీసుకోలేదు.

మంగళవేఢా నుంచి పండరిపురం సుమారు 25 కిలోమీటర్లు. చంద్రభాగలో స్నానం, క్యూలో నాలుగు గంటలు, దర్శనం. మొక్కు తీరింది. ప్రసాదం మరమరాలు, బత్తాసాలు. బియ్యం, చక్కెర. విఠోబా దగ్గర మాత్రం ఏమీ అడగనక్కర లేకపోయింది!

బయటికి వచ్చాక మాకు ఆకలి. ఒక చిన్న హోటల్ ముందు బోర్డు మీద సుద్దతో రాశారు: సగ్గుబియ్యం కిచిడీ, సగ్గుబియ్యం వడ, భగర్ అన్నం, పల్లీల ఆమటి, ఆలుగడ్డ కూర, రాజగిరా పూరీ. చదువుతూ ఉంటే తట్టింది. ఒక్కపొద్దు తిండిలో గోధుమ నిషిద్ధం! నా బిడ్డకు డాక్టరు జన్మంతా పెట్టిన ఒక్కపొద్దే ఈ రోజు ఊరంతా చేస్తోంది.

అయినా అడిగాను, అలవాటైపోయింది. "ఇంగువ వేశారా?" "ఉపవాసంలో ఇంగువ ఎక్కడిది?" "వడలు వేసే నూనెలో నిన్న సమోసాలు వేశారా?" "భావూ, ఏకాదశికి కడాయి వేరే, నూనె పొద్దున పోసింది. వచ్చి చూసుకో." పోయి చూశాను. రాజగిరా పిండి ఎక్కడ పట్టించాడో చెప్పలేకపోయాడు, పూరీ వద్దన్నాం. తక్కినవన్నీ తెప్పించాం.

పిల్లవాడు పళ్ళాలు తెచ్చి, "పాపకూ ఉపవాసమేనా?" అని అడిగాడు. "ఆఁ, నాకూ ఉపవాసమే" అన్నది పిల్ల గట్టిగా. నలుగురికీ ఒకే రకం పళ్ళెం. రెండేళ్ళలో మొదటిసారి దానికి వేరే డబ్బా తెరవలేదు. వడ ఇంకొకటి కావాలని తనే చెయ్యెత్తి అడిగింది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మిరపకాయ ఘాటు అన్నది.

మన పేటల్లో ఇట్లాంటి పిల్లలు ఉండవచ్చు, తెలియక పురుగుల మందు తాగుతూ ఉండవచ్చు. అందుకని నాలుగు మాటలు. అనుమానం ఉంటే ముందే గోధుమ మాన్పించకండి, పరీక్షలో దొరకదు. తింటుండగానే రక్తపరీక్ష చేయించాలి. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువులకూ చూపించాలి. మా పెద్దోడికి చేయించాం, లేదు. హోటల్లో పేరు చెప్పి అడగకండి, వస్తువు చెప్పి అడగండి: మైదా, బొంబాయి రవ్వ, ఇంగువ డబ్బా, గ్రేవీ చిక్కబడడానికి ఏం వేశారు, చేపల వేపుడుకు రవ్వ అద్దారా, నూనె ఏది. చైనీస్ బండి దగ్గర సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. ఉత్త అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, అరటిపండు ఎక్కడైనా దొరుకుతాయి.

తిరిగి వచ్చేటప్పుడు మంగళవేఢా బజారులో పది కిలోల జొన్నలు కొన్నాం. ఇంట్లో చిన్న పిండి గిర్నీ ఉంది, కంతుల మీద తీసుకున్నది. ఇంకా ఐదు కంతులు ఉన్నాయి. దాంట్లో గోధుమ గింజ పడనివ్వం. మర్నాడు పొద్దున మా ఆవిడ నలుగురికీ జొన్నరొట్టెలే చేసింది. చపాతీల పీట అటక మీదికి పోయింది.