బొజ్జన్నకి రాళ్లు

పిల్లలతో పాత గుళ్లూ గోపురాలూ చూడబోతే, గుడిని వాళ్లు చూస్తారు, వాళ్లని చూడ్డంతోనే మనకి సరిపోతుందని మా ఆవిడ సిద్ధాంతం. అయినా సంక్రాంతి సెలవులకి రావికమతం వచ్చిన మనవడినీ మనవరాలినీ బొజ్జన్నకొండకి బయలుదేరదీశాం. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, అనకాపల్లి మీదుగా శంకరం చేరేసరికి ఎండ చుర్రుమంటోంది.

శంకరమంటే శివుడి పేరనుకునేరు! సంఘారామం అన్న మాటే అలా అరిగిపోయిందంటారు. ఒకప్పుడిక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. 1906 నుంచి అలెగ్జాండర్ రీ తవ్విస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా బయటపడింది. పక్కనున్న కొండమీద రాతిలో తొలిచిన స్తూపాలు వరసలుగా ఉంటాయి. జనానికి అవి లింగాల్లా కనబడ్డాయి, అది లింగాలకొండ అయిపోయింది.

ఈ చరిత్రంతా నేను చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లేరీ? గుహలో స్తంభాల మధ్య దాగుడుమూతలు మొదలయ్యాయి. నడుమనున్న రాతి స్తూపం వాళ్లకి దొంగను పట్టే చోటయింది. ఈ విషయంలో జపాను వాళ్లు గడుసువాళ్లు. నారాలోని తొదైజీ ఆలయంలో ఒక స్తంభానికి అడుగున కన్నం పెట్టారు. అక్కడి మహాబుద్ధుడి ముక్కుపుటమంత ఉంటుందట. అందులోంచి దూరి వస్తే జ్ఞానోదయమని నమ్మకం. పిల్లలు సునాయాసంగా దూరిపోతారు, ఇరుక్కునేది పెద్దలే! ఆ విగ్రహానికి 752లో కళ్లు దిద్దినవాడు మన దేశంనుంచి వెళ్లిన బోధిసేనుడు.

మెట్ల దగ్గర ఓ ముసలాయన కలిశాడు. "మా సిన్నప్పుడు కనుమ పండక్కి ఊళ్లోళ్లందరం వొచ్చి, ఈ బొజ్జ రాచ్చసుడికి రాళ్లేసీవోళ్లం బాబూ! ఇప్పుడు ఎయ్యనివ్వట్లేదు" అన్నాడు. నిజమే. పొట్టతో ఉన్న ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని ఏళ్ల తరబడి కొట్టారు. చివరికి ఇన్‌టాక్ వారు పూనుకుని, పోలీసుల సాయంతో ఆపించారు. శతాబ్దాల ఎండావానా చెయ్యని పని పండగపూట మనవాళ్లు చేశారు.

మనవడి కళ్లు మెరిశాయి. అప్పటికే వాడి గుప్పెట్లో గులకరాయి ఉంది. నేను నోరు తెరిచేలోగా ఆరేళ్ల మనవరాలు అడిగింది:

"తాతయ్యా, పొద్దున చూసిన వినాయకుడికీ బొజ్జుందిగా? ఆయనకేమో ఉండ్రాళ్లు, ఈయనకేమో రాళ్లా?"

ముసలాయన నాకేసి చూశాడు. నేను మా ఆవిడకేసి చూశాను. ఆవిడ నా పొట్టకేసి చూసి, "ముందు ఆ రాయి కింద పడెయ్యరా నాయనా" అంది మనవడితో.

వాడు పడెయ్యలేదు. జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్లేదాకా నా పక్కన కూర్చోలేదు కూడాను.