ఉగాదికి రిలీజైన కొత్త పోచంపల్లి

అభిమాన హీరో సినిమాని మొదటిరోజు మొదటి ఆట చూసే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నాకూ ఉంది. దానికి తోడు ఇంకో పిచ్చి కూడా ఉంది. ఏటా ఉగాదికి ముందు దుకాణాల్లోకి కొత్త పోచంపల్లి సరుకు దిగుతుంది చూశారూ, దాన్ని మొదటి వారంలోనే చూసి తీరాలి! సినిమాలకి సమీక్షలు రాస్తారు గాని బట్టలకి ఎవరూ రాయరేం అని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఎడిటరుగారు సరేనన్నారు. కనుక ఈ వారం తెరమీది బొమ్మ కాదు, మగ్గంమీది బొమ్మ.

"పోచంపల్లి బ్రాండేమిటయ్యా, అది ఊరు కదా!" అని మిత్రులు నవ్వుతారు. నిజమే. దానికి యజమాని లేడు, పోస్టర్లు లేవు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, చుట్టుపక్కల నేతగాళ్ళ ఊళ్ళు కలిస్తే ఆ బ్రాండు. 1951లో వినోబా భావేకి తొలి భూదానం అందింది అక్కడే గనుక ఊరిపేరు ముందు ఆ మాట చేరింది. 2005లో పోచంపల్లి ఇకత్‌కి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఎక్కడపడితే అక్కడ తయారుచేసి ఆ పేరుతో అమ్మటానికి చట్టం ఒప్పుకోదు. (ఒప్పుకోకపోతే మానేస్తారా అంటారా? ఆ సంగతికీ వస్తాను.)

ఇక అసలు విషయం. ఈ ఏడు నూలు చీరల్లో లేతరంగులది రాజ్యం. పిస్తా, లేత గులాబీ, సపోటా, గచ్చకాయ రంగు... ఎండలు ముదరకముందే కళ్ళకి చల్లగా ఉన్నాయి. దుకాణాలవాళ్ళు ఇవే ముందు పరుస్తున్నారు. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇకత్‌కి అందం దాని చెదిరిన అంచు. కట్టిన ముడి కిందకి రంగు కొద్దిగా పాకి, గీత ఈకలా విచ్చుకుంటుంది. తెలుపు పక్కన ఎరుపో, నలుపో ఉంటేనే ఆ విచ్చుకోవటం కనబడేది. లేతరంగు మీద లేతరంగు వేస్తే పదడుగుల దూరంనుంచి చీర సాదాగా కనబడుతోంది. అంత కష్టపడి చేసిన డిజైను మాయమైపోయింది! మంచి నటుణ్ణి గుంపులో నిలబెట్టినట్టయింది.

అదే వరుసలో మామిడిచిగురు రంగు మీద తెల్ల చుక్కల చీర ఒకటి చూశాను. భేష్! కొంగులో ఆర్భాటం లేదు, జరీ లేదు. చిన్న చిన్న చుక్కలు, అంచుకి దగ్గరౌతున్నకొద్దీ దట్టమయ్యాయి. ఈ సీజనుకి నా ఓటు దానికే. ఎరుపు, నలుపు, తెలుపు తేలియా రుమాలు పద్ధతి చీరలు కూడా ఉన్నాయి గాని వాటి ధరలు మనలాంటివాళ్ళు అడిగి తెలుసుకోవటానికే.

కుట్టిన టాప్‌లు మాత్రం నిరాశ. బట్ట మంచిదే, కత్తెర మంచిది కాదు. ముందుభాగంలో డైమండు సగానికి తెగి, కుట్టు దగ్గర రెండో సగంతో కలవదు. మగ్గంమీద ఒక్కో దారాన్ని గోటితో సర్ది కలిపిన డిజైనుని దర్జీ ఒక్క కోతతో విడగొట్టేస్తే ఎలా?

"ఇంత పట్టింపేమిటి నీకు?" అంటారేమో! మా అమ్మ పాతికేళ్ళపాటు ఆసు పోసింది. ఆసంటే తెలియనివారికి రెండు మాటలు. రంగు అద్దకముందు దారాన్ని, ఒకవైపు ఒక మేకుకి, ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులకి మార్చి మార్చి చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ తర్వాతే డిజైను ప్రకారం ముళ్ళు కట్టటం, అద్దటం, విప్పటం, మళ్ళీ కట్టటం. నేసేది మగవాళ్ళ పేరుమీద చెలామణీ అయ్యేది. ఆసు మాత్రం ఆడవాళ్ళ భుజాలమీద నడిచేది.

తల్లి లక్ష్మి భుజంనొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. 1992లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా వచ్చింది, ప్రియదర్శి హీరోగా. తల్లి పాత్ర ఝాన్సీ వేసింది. మా అమ్మని తీసికెళ్ళాను. మామూలుగా సినిమాకెళ్తే పక్కసీటువాళ్ళకి కూడా వినబడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు నోరు విప్పలేదు. చీకట్లో కుడిభుజం మీద చెయ్యి వేసుకుని అలాగే కూచుంది. బయటికొచ్చాక ఒకే మాటంది: "జర ముందుగాల మా వాడకు వస్తే ఏమైతుండెరా!"

ఈసారి షాపింగుకి మా అక్క కూతురు వెంటవచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ ఫంక్షనుకి చీర కావాలి, చేతిలో వెయ్యి రూపాయలు. ఒక దుకాణంలో 650 రూపాయలకి "పోచంపల్లి" చీర చూపించారు. అచ్చు అదే డిజైను! నేను చీర తిరగేశాను. వెనకవైపు వెలిసిపోయినట్టుంది. ఇకత్ దారానికే రంగుంటుంది గనుక రెండువైపులా ఒకేలా ఉండాలి. అనుమానముంటే కొంగుచివర ఒక్క పోగు లాగి చూడండి. ముడికట్టి అద్దిన పోగైతే, దాని పొడుగునా రంగులు మారుతూ కనిపిస్తాయి. ఇది అచ్చుగుద్దిన బట్ట.

"ఫొటోలో రెండూ ఒకటే కద మామా!" అంది అమ్మాయి.

దానికి నా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు. దాని డబ్బు, దాని ఫంక్షను. మూడువేలు దాటిన మగ్గంచీర కొనమని చదువుకునే పిల్లకి ఏ మొహంతో చెప్పను? అమ్మమ్మ భుజం సంగతి ఎత్తితే కొనేస్తుందని తెలుసు. ఎత్తలేదు. అలా కొనిపించటం నాకిష్టంలేదు.

అదే కాసేపు ఆ చీరని అటూ ఇటూ తిప్పింది. తర్వాత పక్కదుకాణంలో మీటర్ల లెక్కన అమ్మే మగ్గంబట్ట దగ్గర ఆగింది. మూడు మీటర్లు, ముదురు నీలంమీద తెల్ల మెట్లగీతలు, తొమ్మిదివందల చిల్లర. "చీర అక్కని అడిగి కట్టుకుంటా, దీంతో కుర్తా కుట్టించుకుంటా" అంది. బడ్జెట్టు తక్కువున్న మిత్రులకి ఈ దారి నచ్చుతుందనుకుంటాను. కొత్తలో నీలం, ఎరుపు రంగులు కాస్త దిగుతాయి, మిగతా బట్టల్తో కలిపి నానబెట్టకండి. నీడన ఆరెయ్యండి.

ఇంటికెళ్ళగానే అమ్మ బట్ట అందుకుంది. రంగు చూడలేదు, ధర అడగలేదు. వెనక్కి తిప్పి, వెలుతురుకి ఎత్తి, గీతలవెంట వేలు జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. "ఈడ ముడి జారింది. పిల్ల ఎవరో కొత్తగ నేర్చుకుంటున్నట్టుంది" అంది. మనవరాలి మొహం చిన్నబోయింది. "గా ముక్క చెయ్యికింద పోతది తియ్, దర్జీకి చెప్పు" అని మడిచి ఇచ్చేసింది.

దర్జీకి చెప్పాం. డైమండ్ల సంగతి గుర్తుంది గనుక మెట్లగీతలు కుట్టుదగ్గర కలిసి తీరాలని రెండుసార్లు చెప్పాను. ఉగాదికల్లా ఇస్తానన్నాడు. ఏ ఉగాదికో అడగలేదు.