చుక్క అప్పగింత

పెంచిన పిల్లను పరుల యింటికి పంపుట మన స్త్రీలకు క్రొత్త గాదు. పెండ్లినాడు అందుకై అప్పగింతల పాటలే యున్నవి. కాని యొక వీథికుక్కను నాలుగు నెలలు సాకి, ఒక యింట నప్పగించి, తిరిగి వచ్చుచు దారిపొడుగునను కన్నీరు తుడుచుకొంటినని చెప్పినచో సోదరీమణులలో కొందరు నవ్వుదురేమో. నవ్వినను సరే, చెప్పెదను. ఇందు నేను చేసిన తప్పొకటి యున్నది. అది తెలిసినచో మరియొకరు చేయకుందురు.

మాది తడ. ఆంధ్రదేశమునకు దక్షిణపు గడప వంటి యూరు. కొంతదూరము పోయినచో తమిళనాడు. తూర్పున పులికాటు సరస్సు. నడుమ చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారి. ఆ దారిని రేయింబవళ్ళు లారీలు పోవుచునే యుండును. నెల్లూరు జిల్లాలోనుండిన మా యూరు 2022 లో తిరుపతి జిల్లాలో చేర్చబడినది గాని, మా మాటయు మా చేపల పులుసును నెల్లూరివే.

2023 డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుపాను వచ్చినది. అది 5 వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటులోపల మా ప్రాంతమంతయు వానలో మునిగెను. వాన వెలిసిన మరునాటి యుదయము, రహదారి ప్రక్కను మూతపడిన టీ దుకాణపు బల్లక్రింద నేదో మూలుగు వినబడెను. వంగి చూచితిని. ఒక కుక్క. ఏదో బండి తగిలి వెనుకకాలు విరిగియుండెను. ఒడలంతయు బురద, నొసట మాత్రము తెల్లని చుక్క. జాలితో వట్టిచేతులతో నెత్తబోతిని. అది నా మణికట్టును కఱచెను.

నొప్పిలోనున్న జంతువు తన్ను ముట్టిన చేతిని కఱచును. దోషము దానిది గాదు, నాది. గోనెపట్టాయో దుప్పటియో కప్పి యెత్తవలసినది. ఇంటికి వచ్చి గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద పదిహేను నిమిషములు కడిగితిని. కుక్కకాటుకు పసుపు, సున్నము, కారము పూయు నలవాటు మన యిండ్లలో నింకను గలదు, అది కూడదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోతిని. రక్తము వచ్చిన గాయము గనుక దాని చుట్టును ఒక మందు నెక్కించి, ఆ దినమున మొదటి టీకాయు, పిదప 3, 7, 28 వ దినములందు తక్కినవియు వేసిరి. రేబీస్ లక్షణములు పైకి కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట దుర్లభము. సకాలమున వేసికొన్న టీకా దానిని రానీయదు. 1885 లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరుగారు ఒక బాలునకు మొదట చేసిన యీ చికిత్స నేడు మన యూళ్ళలో దొరకుచుండగా భయపడి దాచుకొనుట తెలివిగాదు.

"ముట్టుకొన్నది చాలక కఱపించుకొని కూడా వచ్చావా, అమ్మాయీ?" అని మా అత్తగారు మందలించిరి. మావారు మాత్రము మాటాడక గోనెపట్టా తీసికొనిపోయి, దానిని చుట్టి, ఆటోలో పశువైద్యశాలకు చేర్చిరి. వైద్యుడు కాలికి కట్టు కట్టి ఆరు వారములు కదలనీయరాదనెను. మాది అద్దెయిల్లు. అత్తగారు చేతికఱ్ఱతో నడచువారు. కుక్క కాళ్ళకడ్డము వచ్చినచో పడిపోవుదురను భయము. కావున, "కాలు కుదిరిన దాక ఉంచుకొందాము, తరువాత మంచివారికి ఇద్దాము" అని యిద్దరమును నిశ్చయించుకొంటిమి.

పెరటి పాకలో దానికి చోటిచ్చితిమి. పిడుదులు ఏరితిని, నులిపురుగుల మందును, రేబీస్ టీకాయు వేయించితిమి. అన్నము, ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టుచుంటిని. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కలకు విషప్రాయములని వైద్యుడు చెప్పగా, మన పులుసన్నము దానికి పెట్టుట మానితిని. మా అమ్మాయి దానికి చుక్కయని పేరిడెను. చీపురు పైకెత్తినచో అది వణకెడిది. అత్తగారి చేతికఱ్ఱను చూచినచో పాకమూల దూరెడిది. ఇది కనిపెట్టి, మడి యనియు మైల యనియు గొణుగుచుండిన యా యమ్మయే కఱ్ఱను తలుపు దగ్గర నుంచి, గోడ పట్టుకొని పెరటిలోనికి నడువసాగిరి. నేను చూచియు చూడనట్లుంటిని.

కాలు కొద్దిగా కుంటుతోనే కుదిరినది. చుక్కను తీసికొందురేమోయని తెలిసినవారినెల్ల నడిగితిని. "ఆడదా? అయితే వద్దమ్మా. మగది దొరికితే చెప్పండి" అని యెల్లరును ఒక్కమాటయే. ఆడుకుక్క పిల్లలను పెట్టునని భయము. ఆడుదగుటయే కొఱతయను మాట కుక్క విషయమున గూడ వినవలసి వచ్చెనే యని మనసు చివుక్కుమనెను.

దానికి వైద్యమున నుపాయము గలదు. గర్భసంచి తీయు శస్త్రచికిత్స చేయించినచో నా భయమే లేదు. చెన్నపట్టణమున 1959 లో కెప్టెన్ సుందరంగారును, మన దేశపు తొలి మహిళా విమానచోదకులలో నొకరైన ఆయన భార్య ఉషా సుందరంగారును స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ, వీథికుక్కలను చంపుటకు బదులుగ నీ మార్గమునే 1960 దశకమునుండి బోధించుచు వచ్చినది. వాననీట కొట్టుకొనిపోవు రెండు కుక్కపిల్లలను రక్షించుటతో నా సంస్థకు బీజము పడెనందురు. 2001 లో కేంద్రప్రభుత్వము వారును ఈ పద్ధతినే నియమములుగా జేసిరి. 2023 లో వానిని మరల క్రొత్తగా వ్రాసిరి. వాని ప్రకారము చికిత్సయు టీకాయు ముగిసిన వీథికుక్కను తెచ్చిన చోటనే విడువవలెను. కాని చుక్కను తెచ్చిన చోటు లారీల రహదారి. కుంటికాలితో నక్కడ నెన్నాళ్ళు బ్రదుకును? ఇల్లు వెదకక తప్పదు. ఫిబ్రవరిలో శస్త్రచికిత్స చేయించితిమి.

ఇక నా తప్పు. రోజూ ఊడ్చుట, కడుగుట, ఇంటి యజమాని సణుగుట, వీనితో విసిగియుంటిని. దారిప్రక్కను దుకాణము గల యొక కుటుంబమువారు "మేము పెంచుకుంటాము" అనగానే సంతోషించి, ఏమియు నడుగక యిచ్చివైచితిని. పది దినములకు చూడబోగా, చుక్క మూరెడు గొలుసుతో ఎండలో కట్టబడియుండెను. నీళ్ళచట్టి యెండిపోయియుండెను. వారు క్రూరులు గారు. "కాపలాకే గదమ్మా తెచ్చుకొన్నాము" అనిరి. వారికి కావలసినది కాపలాదారు. నేనిచ్చినది బెదిరిన కుంటిప్రాణి. తగదని తెలిసికొనవలసినదానను నేనే. క్షమార్పణ చెప్పి తిరిగి తెచ్చుకొంటిని.

"అమ్మాయీ, పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు చూడమా?" అనిరి అత్తగారు. ఆ రాత్రి ఆమెయే భారతము నెత్తిరి. నన్నయగారి యాదిపర్వమున, కథ యారంభముననే, జనమేజయుని తమ్ములు సరమయను దేవతల కుక్క బిడ్డను నిష్కారణముగ గొట్టుదురు. ఆ తల్లి వచ్చి రాజును నిలదీయును. కడపట మన నెల్లూరి తిక్కనగారు తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలుచును. "ధర్మరాజు దానిని ఎవరికో ఇచ్చి పోలేదే, అత్తయ్యా" అంటిని. "ఇవ్వడం తప్పు కాదమ్మా. చూడకుండా ఇవ్వడం తప్పు" అనిరి.

ఈసారి తొందరపడలేదు. సూళ్ళూరుపేటలో నొక ఉపాధ్యాయిని వృద్ధుడగు తండ్రితో నున్నారు. మొదట వారి యింటికి పోయి, గోడయు గేటును చూచితిని. ఆ తండ్రిగారితో గూడ మాటాడితిని. ఇంట నొకరికి గిట్టనిచోట జంతువు సుఖపడదు. ఊరికి పోయినపుడెవరు పెట్టుదురు, జబ్బుచేసిన నెచటికి తీసికొనిపోవుదురు, రాత్రి యెచట పండుకొనును, అన్నియు నడిగితిని. వారు కోపగింపక బదులు చెప్పిరి. పదునైదు దినములు పరీక్షకై యుంచుకొనుట. కుదురనిచో నితరుల కీయక నాకే తిరిగి యిచ్చుట. ఇది మా యొడంబడిక. టీకాల తేదీలు, భోజనవేళలు కాగితముమీద వ్రాసి యిచ్చితిని. పాత వాసన పోకుండుటకు అది పండుకొన్న గుడ్డను ఉదుకక కట్టియిచ్చితిని. తొలినాళ్ళు తినకున్నను, మూల దాగినను బలవంతపెట్టవద్దంటిని.

ఏప్రిలులో నొక యుదయము ఆటో వచ్చినది. అత్తగారు గడపవఱకు వచ్చి పెరుగన్నము తామే పెట్టిరి. చేతికఱ్ఱ చేతనే యుండెను, చుక్క వణకలేదు.

నెల గడిచిన పిదప చూడబోతిమి. చుక్క నన్ను గుర్తుపట్టి, కుంటుచు పరుగెత్తివచ్చి, చేతిమీది పాత మచ్చను నాకినది. కొంతసేపు నా చుట్టును తిరిగి, మరల పోయి పంతులమ్మగారి పాదములకడ పండుకొన్నది. ఒక నిమిషము నా గుండె కలుక్కుమన్నది. మరుక్షణమే, నేను కోరినది యిదియే గదా యనుకొంటిని.

సోదరీమణులారా, ప్రతివారును జీవితాంతము కుక్కను పెంచలేరు. కాని మూడు నాలుగు నెలలు పెరటిలో నింత చోటిచ్చి, తొందరపడక మంచి యిల్లు చూచి యొప్పగించుట మనలో ననేకులకు సాధ్యము. చుక్క తిన్న చట్టిని పారవేయబోగా మా అత్తగారు వలదనిరి. అది కడిగి పాకలో బోరగిలించియున్నది.