నూట ఎనభై గంటల లెక్క

దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కి చేరినవాళ్లకి మొదట కావలసింది విద్యాతత్వం కాదు, కూడికలూ భాగహారాలూ. మా సార్వత్రిక విశ్వవిద్యాలయం లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, అన్నీ కలిపి. ఆరు క్రెడిట్ల పేపరంటే 180 గంటలు.

నా దగ్గరున్న గంటలెన్ని? పొద్దున ఐదింటి నుంచి ఆరు దాకా, వారానికి ఐదు రోజులు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. మొత్తం ఎనిమిది. అంటే ఒక్క పేపరుకి 23 వారాలు. ఏడాదికి రెండు పేపర్లు దాటవు. వేసవి సెలవుల్లో రోజూ నాలుగైదు గంటలు కూర్చోగలిగితే, రెండేళ్ల కోర్సు నాలుగేళ్లలో గట్టెక్కుతుంది. గడువు కూడా నాలుగేళ్లే. ఈ లెక్క చూసి మావారు, "ఇంత కష్టపడి చదివేదేదో పనికొచ్చేది చదువు" అన్నారు. పనికొచ్చేది ఏది అన్నదగ్గరే చిక్కు.

రెండో ఏడాది ఒక ఐచ్ఛికం ఎంచుకోవాలి. మా సీనియర్ సారు సలహా: "మేడమ్, మేనేజ్‌మెంట్ తీసుకోండి. రేపు హెడ్‌మాస్టర్ అయితే ఉపయోగం." ఇంకో స్నేహితురాలు టెక్నాలజీ మేలంది. ఇద్దరూ నా మంచికే చెప్పారు. కానీ నేను పాఠం చెప్పేది కదిరి వైపు ఒక తండాలో. ఒకటో తరగతి పిల్లలకి ఇంట్లో అమ్మ 'యాడి', నీళ్లు 'పాణి', రొట్టె 'బాటి'. బళ్లో అడుగుపెట్టగానే తెలుగు అక్షరాలు, వాటి పక్కనే ఇంగ్లిష్ వాక్యాలు. జూన్‌లో గలగలా మాట్లాడే పిల్ల ఆగస్టుకి నోరు విప్పదు. ఆ పిల్లకి చదవడం ఎలా వస్తుంది? నాకు కావలసిన పేపరు అది. ఐచ్ఛికాల పట్టికలో ఆ పేరుతో ఏదీ కనబడలేదు.

ఇదేం కొత్త ప్రశ్న కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. అంతకుముందే ఉమ్మడి రాష్ట్రంలో కోయ, సవర, లంబాడీ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి కొన్ని బళ్లలో బోధించారు. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకి చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ 1963లో వచ్చిన 'టీచర్' పుస్తకంలో ఇంకా సులువైన దారి చూపించింది. నీకే మాట కావాలని పిల్లవాణ్ణే అడిగి, అది అట్టముక్క మీద రాసిచ్చేది. మర్నాడు గుర్తుపడితే ఆ మాట వాడిది. గుర్తుపట్టకపోతే ఆ అట్ట పారేసేది. తప్పు మాటది, పిల్లవాడిది కాదు.

అందుకని నా ప్రణాళికని తలకిందులు చేసుకున్నాను. ఐచ్ఛికం నుంచి కాకుండా, చివర్లో రాయాల్సిన పరిశోధనా వ్యాసం నుంచి మొదలుపెట్టాను. అంశం: తండా పిల్లల తొలి చదువులో ఇంటిమాటలు. దానికి ఏది తోడ్పడితే అది ముందు. పరిశోధన పద్ధతుల పేపరు మొదటి వేసవిలోనే, ఎందుకంటే రెండో ఏడాది నుంచే తరగతిలో నోట్సు రాసుకోవాలి. అభ్యసనం మీది పేపరు దాని వెంటే. ఐచ్ఛికంగా మేనేజ్‌మెంటే తీసుకుంటున్నాను. మా సారు సంతోషించారు. ఆయనకి చెప్పని కారణం ఒకటుంది: తండా బడికి ఆ భాష వచ్చిన విద్యా వాలంటీర్ కావాలని ఎవరిని, ఏ కాగితం మీద అడగాలో నాకు తెలియాలి.

డిగ్రీ చదువులో మనకి కావలసిన పేపరు ఉండకపోవచ్చు. ఉన్న పేపర్లని మన ప్రశ్న చుట్టూ పేర్చుకోవచ్చు. అయితే ఆ ప్రశ్న ఫారం నింపకముందే చేతిలో ఉండాలి. మీలో టీచర్లెవరైనా ఈ ఏడాది చేరబోతుంటే, సిలబస్ తెరిచేముందు మీ తరగతిలో నోరు విప్పని ఒక్క పిల్ల పేరు కాగితం మీద రాసుకోండి. తర్వాత గంటలు లెక్కపెట్టుకోండి.