మీ వాకిట్లో వాన ఎంత?

'రాత్రి మావైపు కుండపోత' అంటాడొకాయన. 'అదేంటీ, మాకు చినుకైనా రాల్లేదే!' అంటాడు పక్కవీధి ఆయన. ఇద్దరి మాటా నిజమే. ఉరుముల వాన ఊరంతా ఒకేలా పడదు. చెరువుకట్టకి అటు తడిపి ఇటు వదిలేస్తుంది. పేపర్లో వచ్చే మిల్లీమీటర్లు మాత్రం వర్షమాపకం ఎక్కడుందో అక్కడివే.

మన పెద్దలకి పొలమే కొలబద్ద. వాన వెలిశాక మట్టి తవ్వి, తడి ఎంత లోతుకి దిగిందో చూసి 'పదునైంది' అనేవారు. కౌటిల్యుడి అర్థశాస్త్రమైతే ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు నోరున్న కుండ పెట్టి వాన కొలవమంది.

ఇప్పుడు ఆ పనికి రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింకు సీసా చాలు. పక్కలు నిటారుగా, నునుపుగా ఉన్నది ఎంచుకోవాలి. మెడ కింద వంపు మొదలయ్యేచోట కోసి, ఆ పైముక్కని తలకిందులుగా గరాటులా అందులోనే దించాలి. నీళ్లు తొందరగా ఆవిరి కాకుండా అది కాపాడుతుంది. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోయాలి. ఆ మట్టమే సున్నా. అక్కణ్నుంచి పైకి స్కేలు అంటిస్తే వర్షమాపకం తయార్! గాలికి పడిపోకుండా, మూతి పైకి ఉండేలా ఇటుకల మధ్య నిలబెట్టాలి. పక్కన చెట్టో గోడో ఉంటే, దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరం పాటించాలి.

రోజూ ఉదయం 8.30కి చూసి రాసుకోండి. వాతావరణ శాఖ లెక్క కట్టేదీ ఆ వేళకే. తర్వాత నీళ్లని మళ్లీ సున్నా గీతకి తేవాలి.

మిల్లీమీటరంటే ఏపాటిది అనిపిస్తుంది. చదరపు మీటరు నేల మీద అది లీటరు నీళ్లు. ఎకరం మీద 4,000 లీటర్ల పైమాటే! 100 చదరపు గజాల డాబా మీద 10 మిల్లీమీటర్లు పడితే 800 లీటర్లు దాటుతుంది. ఇంకుడుగుంత లేకపోతే అదంతా మురిక్కాల్వ పాలు.

పల్లెలో ఈ లెక్క తప్పితే నష్టం ఇంకా ఎక్కువ. తొలకరి చూసి తొందరపడి వేరుశనగ వేస్తే, పైతడి ఆరిపోయి మొలక మాడిపోతుంది. విత్తనం పోతుంది, అప్పు మిగులుతుంది. 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ సహా 7 కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన భూగర్భజల పథకంలో రైతులే వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం చూశారు. ఆ అంకెల్ని ఊళ్లో బోర్డు మీద రాశారు. ఎన్ని నీళ్లున్నాయో లెక్కేసుకుని, రబీలో ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. బోరు ఎవరిదైనా కింద నీళ్లు అందరివీ కదా!

ఒక్కరోజు అంకెతో తెలిసేది తక్కువే. నాలుగు వానాకాలాలు రాసిన నోటుపుస్తకం సంగతి వేరు. 'నిరుడు ఆరుద్ర కార్తెలో ఎంత పడింది?' అంటే జ్ఞాపకం 'బాగానే పడింది' అంటుంది. పుస్తకం '14 మిల్లీమీటర్లు' అంటుంది. చేతిలో విత్తనం పట్టుకుని ఆకాశంకేసి చూసేవాడికి ఆ రెండు జవాబులూ ఒకటి కావు.